ఎడమ బొటనవేలి గోరు

ఆషాఢం వచ్చి రోట్లో గోరింటాకు నూరుతుంటే ఆ పచ్చి వాసన అందరికీ హాయిగా ఉంటుంది. నాకు మాత్రం ఆసుపత్రి గుర్తొస్తుంది. నిన్న మా అమ్మాయి నా వేళ్లకు గోరింటాకు పెడుతూ ఎడమ బొటనవేలిని వదిలేసి పక్క వేలికి వెళ్లిపోయింది. మా ఇంట్లో అందరికీ ఆ గోరు ఖాళీగానే ఉంటుంది. అలా ఉంచమన్న మేరమ్మక్క పోయి రెండేళ్లయింది.

మేరమ్మక్క మార్కాపురంలో మేం పనిచేసిన డయాలసిస్ సెంటర్‌లో హెడ్ నర్సు. గిద్దలూరు దగ్గరి పల్లె నుంచి రోజూ రైల్లో వచ్చేది. అమ్మానాన్నలు కూలికి పోయి చదివించారని, అందుకే ఒక్క పూట కూడా ఆలస్యంగా రాననీ గర్వంగా చెప్పుకునేది. నేను టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో నాకు మిషన్ అంటే దేవుడితో సమానం. స్క్రీన్ మీద బీపీ బాగుంటే అంతా బాగున్నట్టే అనుకునేదాన్ని. ఆమె మాత్రం ప్రతి మంచం దగ్గరా ఆగి, పేషెంటు బొటనవేలి గోరు తెల్లబడేదాకా నొక్కి, వదిలి, ఎరుపు మళ్లీ వచ్చేదాకా పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టేది. రెండు లెక్కపెట్టేలోపు ఎరుపు రావాలి. ఎందుకక్కా అని ఒకసారి అడిగాను.

"మిషన్ పెద్ద కాలవ సంగతి చెప్తది పాపా. కంభం చెరువు కాలవ నిండా పారినా చివరి మడికి నీళ్లు అందినాయో లేదో గట్టు మీద నిలబడితే తెలుస్తదా? దిగి చూడాల."

నేనూ నొక్కడం మొదలుపెట్టాను. నా తప్పు కూడా అప్పుడే బయటపడింది. నన్ను కూతురిలా చూసుకునే ఒక ముసలామె చేయి నొక్కి "రెండక్కా" అన్నాను. మేరమ్మక్క వెనకే నిలబడి వింటోంది.

"నీకు కావాల్సిన అంకె కోసం లెక్కను సాగదీస్తున్నావు. మనకు ఇష్టమైనోళ్ల దగ్గర అట్లనే అయితది. మళ్లీ లెక్కపెట్టు."

నాకు ఒళ్లు మండింది. మళ్లీ లెక్కపెడితే నాలుగు వచ్చింది. చివరిదాకా రక్తం అందడం లేదని, ఆ రోజు మిషన్‌తో ఆ ముసలామె ఒంట్లోంచి తీసే నీళ్లు తగ్గించారు. అక్క ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, అది నాకు ఇంకా సిగ్గనిపించింది.

తర్వాత మా నాయన కిడ్నీలు పాడయ్యాయి. పలకల క్వారీలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి నా సెంటర్‌లోనే నా పేషెంటుగా పడుకున్నాడు. మిషన్ ఎక్కితే వేడి చేస్తుందని అమ్మ నమ్మకం. ఆషాఢం రాగానే ఆయన పది వేళ్లకూ, అరికాళ్లకూ దట్టంగా గోరింటాకు పెట్టి వెంటబెట్టుకొచ్చింది. ఎర్రగా పండిన గోళ్లు చూసి మేరమ్మక్కకు కోపం నషాళానికంటింది.

"ఏంది వదినా, ఈ గోళ్లల్లో నేనేం చూడాల?"

"చలవ చేస్తది కదమ్మా."

"చలవ నీ ఇష్టం. ఎడమ బొటనవేలు మాత్రం నాది. దాని జోలికి రావాకు."

అమ్మ వారం రోజులు అలిగింది గానీ, మరుసటేడు గోరింటాకు పెట్టేటప్పుడు ఆ ఒక్క వేలు వదిలేసింది. ఆ ఆషాఢంలోనే గుంటూరు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఎక్కడో ప్రమాదంలో చనిపోయిన మనిషి కిడ్నీ నాయనకు సరిపోతుందట. అది మంచులో చాలా గంటలు ప్రయాణం చేసి వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. కానీ మర్నాటికీ మూత్రం చుక్క కూడా రాలేదు.

అక్కడి కుర్ర డాక్టరు ఓపికగా చెప్పాడు. "మేం కుట్టిన పెద్ద రక్తనాళాలు బాగున్నాయి, స్కాన్‌లో రక్తం పోతోంది. లోపల వెంట్రుక కంటే సన్నటి నాళాలు ఉంటాయి. మంచులో ఉన్న కిడ్నీకి మళ్లీ రక్తం తగలగానే వాటి గోడలు వాస్తాయి. అవి తెరుచుకోవాలి. అవి తెరుచుకుంటేనే కిడ్నీ నిలుస్తుంది. చూద్దాం."

ఆ 'చూద్దాం' అన్న మాట పట్టుకుని నేను ఒక రాత్రీ ఒక పగలూ వార్డు బయటే కూర్చున్నాను. సాయంత్రం చూడటానికి పది నిమిషాలు లోపలికి పంపినప్పుడు, అక్కడి నర్సును అడిగి మేరమ్మక్కకు ఫోన్ చేశాను. ఆమె ఏడవొద్దనలేదు.

"గోరు నొక్కినావా?"

నాయన గోళ్లన్నీ ఎర్రగా పండి ఉన్నాయి, ఆ ఒక్క గోరు తప్ప. నొక్కి వదిలాను. "రెండక్కా."

"నాకు వినపడేటట్టు లెక్కపెట్టు."

"ఒకటీ... రెండూ..."

"సాగదీస్తున్నావు పాపా. మళ్లీ లెక్కపెట్టు."

మళ్లీ లెక్కపెట్టాను. ఐదు. ఆ అంకే చెప్పాను. "పోయి డాక్టరుకు చెప్పు" అని ఫోన్ పెట్టేసింది. గోరు సంగతి చెబితే అంత పెద్ద ఆసుపత్రిలో నవ్వుతారేమోనని భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని అంతకంటే పెద్ద భయం. చెప్పాను. ఆయన నవ్వలేదు. నాయన మోకాళ్లు, పాదాలు తాకి చూశాడు. చల్లగా ఉన్నాయి. స్క్రీన్ మీద బీపీ మామూలుగానే ఉంది. ఇంటి దగ్గర ఎంత ఉండేదని అడిగాడు. ఎప్పుడూ ఎక్కువే సార్ అన్నాను. "అయితే ఈయనకు ఇది తక్కువే" అని గబగబా సెలైన్ పెట్టించాడు. మూడో రోజుకు మూత్రం సంచి అడుగున వేలెడు పచ్చటి నీళ్లు కనబడితే, అమ్మ ఆ సంచికే దండం పెట్టింది.

నా లెక్క వల్లే కిడ్నీ నిలిచిందని చెప్పను. గోరు కిడ్నీ సంగతి చెప్పదు, ఒంట్లో చివరిదాకా రక్తం పోతోందా అని మాత్రం చెబుతుంది. అలాగని మేరమ్మక్క అడక్కపోయి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు. గుండెపోటుతో ఆమె పోయిన రోజు అందరూ ముఖం చూస్తుంటే నేను అందరి గోళ్లూ నొక్కిన ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. అంతగా నేను ఇంకెవరి కోసమూ ఏడవలేదు.

రోజూ పొద్దున్నే నాయన గోరు నొక్కుతాను. ఈ రోజూ నొక్కాను. రెండు. లేవబోయి, మళ్లీ కూర్చుని చేయి పట్టుకున్నాను.

"ఏందమ్మా, ఒకసారి చూస్తివి గదా" అన్నాడు నాయన.

రెండోసారి నాలుగు వచ్చింది. గుంటూరులో చూపించుకోవాల్సింది వచ్చే నెల. నేను ఫైలు సంచిలో పెట్టి, మధ్యాహ్నం రైలుకు తయారవమని నాయనతో చెప్పాను.