అక్క చుట్టింటికి తూర్పు కిటికీ

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ప్రతి చిన్న సంగతీ రాసుకునే నా డైరీలో కూడా రాయలేదు. అక్కకు నేను పుస్తకాల్లోంచి చదివి వినిపించిన మాటల్లో సగం ఆ పుస్తకాల్లో లేవు.

అవి మట్టి ఇళ్ల గురించీ పెరటి తోట గురించీ ఎవరో రాసిన ఇంగ్లీషు పుస్తకాలు. అక్కకు ఇంగ్లీషు రాదు, అయిదో తరగతితోనే బడి మాన్పించారు. నేను శ్రీకాకుళంలో పీయూసీ చదివి వచ్చాను కాబట్టి వాటిలో ఏముందో నేను చెప్పిందే ఇంట్లో అందరికీ ఆధారం. నలుగురిలో నేను నోరు విప్పను. చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని ధాన్యపు గాదె వెనక్కి పోయే రకాన్ని. అలాంటిదాన్ని అక్క దగ్గర మాత్రం పుస్తకం తెరిచి పొద్దు వాలేదాకా మాట్లాడేదాన్ని.

ఆ ఏడు వేసవి మొదట్లో బావ అక్కను రైల్లో కోటబొమ్మాళి దాకా తెచ్చి, అక్కణ్నించి బండి మీద మా ఊరు చేర్చాడు. బావ విజయనగరం అవతల గోనెసంచుల మిల్లులో పనిచేస్తాడు. అక్కకు క్షయ అని అక్కడి డాక్టరు తేల్చాడట. పాపను తీసుకురాలేదు. అప్పుడే అడుగులు వేస్తోంది పాప. అక్క తోడికోడలు చూసుకుంటోందని చెప్పాడు. "నీ కూతుర్ని బాగుసేసి పంపు మావా. కోతలయ్యేక పిల్లని తెచ్చి సూపిస్తాను. అప్పటికి దగ్గు తగ్గితే ఇద్దర్నీ కలిపి తీసుకుపోతాను" అన్నాడు. మంచివాడే. చెబుతున్నంతసేపూ తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటూనే ఉన్నాడు.

ఆ రోజు నుంచి అక్కకు ఒకటే లెక్క. కోతలు ఎప్పుడవుతాయి, పాప ఎప్పుడొస్తుంది. మందు మింగినా దానికే, గంజి తాగినా దానికే.

మిషన్ ఆసుపత్రిలో మాత్రలూ సూదులూ రాసిచ్చి, వేరే గదిలో ఉంచమన్నారు. గాలీ వెలుతురూ బాగా తగలాలన్నారు. మాది రెండు గదుల ఇల్లు. నాన్న పెరట్లో పశువుల శాల దాటాక చుట్టిల్లు ఒకటి వేస్తానన్నాడు. మా వేపు చుట్టిల్లంటే గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు. చూరు దాదాపు నడుం దాకా దిగి ఉంటుంది, వంగి దూరాలి. ఎంత గాలివానకైనా ఆ కప్పు లేవదు. కాని లోపల పట్టపగలు కూడా చీకటే. కుండ ఎక్కడుందో చేత్తో తడుముకోవాలి.

కోటబొమ్మాళిలో చర్చి పక్కన ఒక గదినిండా పుస్తకాలుండేవి. వెనకటి దొరసానులు వదిలి వెళ్లినవి. బళ్లో పని మానేసిన ఒక ముసలి టీచరమ్మ వాటిని చూసుకునేది. ఆవిడకు నా సిగ్గు తెలుసు. నేనేం అడగకపోయినా కుర్చీ చూపించి తన పని తను చేసుకునేది. నాన్న చుట్టిల్లు మాట ఎత్తిన మర్నాడు అక్కడికి వెళ్లి రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. ఆవిడ చాలాసేపు బీరువాలో వెతికి మూడు పుస్తకాలు తీసింది. ఒకటి మట్టితో ఇల్లు కట్టడం. ఒకటి ఇంటి చెత్తతోనే పెరడు పెంచడం. మూడోది చిన్నది, వానపాముల గురించి. "ముందు తోటది చదువమ్మా. ఇల్లు కట్టడానికి మీ నాన్నకి పుస్తకం అక్కర్లేదు" అంది.

నేను ఇంటిదే ముందు చదివాను. ఇప్పుడెవరైనా నన్నడిగితే నేనూ టీచరమ్మ మాటే చెబుతాను. ఇంటి పుస్తకం గోడ ఎంత మందం ఉండాలో చెబుతుంది, మట్టిలో గడ్డి ఎంత కలపాలో చెబుతుంది. ఆ గోడ లోపల పడుకునే మనిషి ఎవరో దానికి తెలియదు. తోట పుస్తకం అలా కాదు. అందులో ప్రతి పేజీలోనూ ఎవరో ఒకరు దేనికోసమో కాచుకుని ఉంటారు.

ఇంటి పుస్తకంలో కిటికీ దక్షిణానికి పెట్టమని ఉంది. రాసినాయనది చలిదేశం, అక్కడ ఎండ అటునించే వస్తుందట. జబ్బుమనిషి గదికి దక్షిణపు కిటికీ అంటే అమ్మ ప్రాణం పోతుంది, అది యముడి దిక్కు. అందరూ పెరట్లో చుట్టూ నిలబడి వింటున్నారు. నేను వేలు దక్షిణం అన్న మాట మీదే ఉంచి, తూర్పు అని చదివాను. పుస్తకంలో లేని మొదటి మాట అదే.

నాన్న మట్టి తొక్కుతూ ఆగాడు. తుఫాను గాలి సముద్రం వేపు నుంచే కొడుతుంది, అంటే తూర్పు నుంచే. చుట్టింటికి కిటికీయే ఉండదు, ఉంటే గింటే పడమటికి ఉండాలి.

"ఆ పుస్తకం తుఫాను సూసిందేటే?" అన్నాడు నాతో.

శాల అరుగు మీద నులకమంచంలో పడుకున్న అక్క మాట్లాడింది. "నాన్నా, పడుకుంటే బయట కనపడాల. అంతే నాకు."

నాన్న గోడ వరస మీద వరస పెట్టి, ఒక్కో వరసా ఆరాక మరోటి వేస్తూ, తూర్పున చూరు కిందుగా, మంచం ఎత్తుకి సరిగ్గా ఒక కిటికీ వదిలాడు. తాటిపట్టెలతో చట్రం బిగించాడు. గాలొస్తే మూయడానికి తడిక అల్లాడు. నిలబడ్డవాళ్లకు అందులోంచి ఏమీ కనిపించదు. పడుకున్నవాళ్లకీ, చిన్నపిల్లలకీ కనిపిస్తుంది. ఆ రెండో సంగతి నాకంటే ముందు అక్కకే తట్టింది. "నా పిల్ల ఇక్కడ నిలబడితే మొకం నా మొకానికి ఎదురుగా ఉంటాది" అంది.

గోడలు అమ్మా నేనూ ఎర్రమట్టీ పేడా కలిపి అలికాం. అక్క అందులోకి వెళ్లాక నేను లోపలికి వెళ్లకూడదు, అమ్మ ఒక్కతే వెళ్లాలి. నేను కిటికీ పక్కన బయట అరుగు మీద కూర్చుని చదివేదాన్ని. పక్కింటి పెద్దమ్మ నీళ్లకు పోతూ ఆగి, "ఏటే, గోడకి సదువు సెప్తన్నావా? పాసవుతాదేటి?" అనేది. లోపల్నించి అక్క, "నీకంటే ముందే అవుతాది పెద్దమ్మా" అని అరిచేది. ఆ అరుపుకి దగ్గు తెర వచ్చేది.

వానలు పడ్డాక తోట పుస్తకం మొదలుపెట్టాం. గుంట తవ్వి ఎండాకూ పేడా బూడిదా పొరలు పొరలుగా వేశాను. అంట్లు తోమిన నీళ్లు అరటి మొదట్లోకి మళ్లించాను. కిటికీ ఎదుట ఆనప, చిక్కుడు, బెండ, గోగు, తోటకూర. అక్క మంచం మీంచే పెత్తనం చేసేది. ఏ పాదు దగ్గర మట్టి గట్టిపడిందో, ఏ ఆకు కింద పురుగుందో పడుకునే కనిపెట్టేది. పురుగులకు బూడిద చల్లమని పుస్తకంలో ఉంది, ఆ పని మా అమ్మ ఎప్పణ్నుంచో చేస్తున్నదే. అక్క నవ్వి, అమ్మ చెప్తే వినలేదు గాని ఇంగ్లీషులో చెప్తే విన్నావంది.

తోట పుస్తకం కూడా ఒకచోట అయిపోతుంది కదా. అక్కకు అయిపోవడం ఇష్టం ఉండేది కాదు. "ఇంకా ఉన్నాదా?" అని అడిగేది. ఉందనేదాన్ని. అలా ఒక మధ్యాహ్నం పేజీ తిప్పి, అక్కడ లేని ఒకావిడను చదివాను. ఆవిడకు దగ్గు జబ్బు. మట్టి ఇల్లు వేసుకుని, తూర్పు కిటికీ పెట్టుకుని, ఎదుట పాదులు పెంచింది. మొదటి కాపుకి లేచి కూర్చుంది. రెండో కాపుకి నడిచింది.

"ఆ దొరసానికి మొగుడు లేడేటి? ఎప్పుడూ మొక్కలేనా?" అంది అక్క.

ఉన్నాడు, మిల్లులో పని అన్నాను. అక్క నవ్వీ నవ్వీ మంచం కోడు పట్టుకుంది. నవ్వాపి అడిగింది. "పిల్లలో?"

ఒక్క కూతురన్నాను. ఎడంగా ఉంచారన్నాను. మర్నాడు అక్క మిగతా కథ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. కూతురు వచ్చిందా? వచ్చింది. పోల్చుకుందా? పోల్చుకుంది. కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి చేతులు లోపలికి చాపింది. నేను పుస్తకంలోకి చూస్తూ చదివాను. నా కళ్ల ముందున్నది కుళ్లిన ఆకుల వేడి గురించి రాసిన పేజీ. ఇది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అక్క ఆ రోజు గంజి మొత్తం తాగింది.

ఆశ్వయుజంలో ఒక గాలివాన వచ్చింది. తడిక నిలిచింది, కప్పు నిలిచింది. అక్క మాత్రం ఆ చలికి దిగజారింది. అమ్మ చుట్టింట్లోంచి వచ్చి అక్క ఉమ్మడానికి ఇసక పోసిన మూకుడు నాకు కనపడకుండా కొంగు చాటున పట్టుకెళ్లి పాతిపెట్టేది. ఎర్రగా తడిసిన ఇసక నేను చూశాను. చూసినట్టు అమ్మకు చెప్పలేదు. సూదులు మార్చారు. అక్క చేతి గాజులు మోచేతి దాకా జారేవి. అయినా ఆనప పాదు చూరెక్కిందా, చిక్కుడు పూతకొచ్చిందా అని అడుగుతూనే ఉండేది. పాప వచ్చేనాటికి తోట నిండుగా ఉండాలి. పాపకు కోసుకోవడానికి అందేటట్టు చిక్కుడు తీగ కిందికి దించి కట్టమంది. కట్టాను.

కోతలయ్యాయి. బావ మాట తప్పలేదు. మిల్లుకు సెలవు పెట్టి పాపను తీసుకొచ్చాడు. పసుప్పచ్చ గౌను, కళ్లనిండా కాటుక. కొద్ది నెలల్లోనే పరుగులూ మాటలూ వచ్చేశాయి. అమ్మ పొద్దున్నే అక్కకు తల దువ్వి, పెద్ద బొట్టు పెట్టి, కిటికీ వేపు తిప్పి తలగడ ఎత్తుగా పెట్టింది.

ఆ రోజు గురించి ముందు తరవాతది చెప్పేస్తాను. బావా పాపా సాయంత్రం బండికి వెళ్లిపోయారు. అక్క గోడవేపు తిరిగి పడుకుంది. నేను అరుగు మీద కూర్చుని ఏదైనా చదవనా అని అడిగితే దుప్పటి మొహం మీదికి లాక్కుంది. మూడోనాడు పొద్దున్న నెత్తురు ఆగకుండా పడింది. నాన్న ఆసుపత్రికి బండి కట్టేలోపే అయిపోయింది. ఊరివాళ్లు చెప్పారని నాన్న తాటాకు కప్పు దింపి కాల్చేశాడు. గోడలు అలాగే వదిలేశాడు, మట్టి గనక వానలకు అవే కరిగిపోతాయన్నాడు. పుస్తకాలు తిరిగిచ్చినప్పుడు టీచరమ్మ ఏది బాగుందని అడిగింది. మూడూ బాగున్నాయండీ అని వచ్చేశాను. ఆ ఏడు చిక్కుళ్లు మేమెవరమూ కొయ్యలేదు. తీగ మీదే ఎండిపోయాయి.

పాప వచ్చిన ఆ మధ్యాహ్నం నేను కిటికీ పక్కన ఎప్పుడూ కూర్చునే చోటే ఉన్నాను. బావ పశువుల శాల దగ్గరే ఆగిపోయాడు. పాప ఒక్కతే పాదుల్లోకి దిగింది. వచ్చిన కాసేపటికే బెండపువ్వు తెంపింది, తడిమట్టిలో కాళ్లు పెట్టింది, గుంటలోంచి వచ్చిన వానపామును చూసి కిలకిల నవ్వింది. కిందికి దించి కట్టిన చిక్కుడు తీగ పట్టుకుని రెండు చేతులా లాగింది. కిటికీకి బారెడు దూరంలో ఉంది. అక్క ముఖం చట్రానికి ఆనించి చూస్తోంది. పాప ఒకసారి ఇటు చూసింది. చూసి, అడ్డం వచ్చిన దేన్నో చూసినట్టు చూసి, మళ్లీ చిక్కుళ్ల వేపు తిరిగింది. కాలు జారి కూలబడినప్పుడు వీధివేపు తిరిగి, తనను పెంచుతున్నావిడ అక్కడున్నట్టు, "అమ్మా" అని పిలిచింది. తన వెనక కిటికీలోంచి అక్క "ఊఁ" అన్నది పాపకు వినిపించలేదు. పాప తనే లేచి చేతులు గౌనుకు తుడుచుకుంది.

నేను చదివిన కథలోని పిల్ల అలా చెయ్యలేదు. లేచి వెళ్లి పాపను ఎత్తుకుని, అదిగో మీ అమ్మ అని చూపించాలని, కిటికీ దగ్గరికి తేవాలని ఒక అడుగు వేశాను. "పాపా" అనడానికి నోరు తెరిచాను. వెనకనుంచి అక్క చెయ్యి చట్రం దాటి వచ్చి నా చీర చెంగు పట్టుకుంది. అన్ని నెలల్లో అక్క నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. వెనక్కి తిరిగి చూశాను. అక్క నావేపు చూడటం లేదు, పాపనే చూస్తోంది.

"పిలవకే. ఆడుకోనీ."