కొసరు కలిపిన లెక్క

మా అమ్మాయికి పదో తరగతి లెక్కల్లో మండలం ఫస్ట్ తెప్పించిన తండ్రిని నేను. ఈ మాట సారపాకలో టీ కొట్టు దగ్గర చెప్పాను, బస్సులో పక్క సీటువాళ్లకు చెప్పాను, పన్ను పీకించుకోవడానికి పోయినచోట డాక్టరు నా నోరు తెరిపించిన పాపానికి ఆయనకూ చెప్పాను. మండలం అన్నది కొంచెం సాగదీశాను. మా వీధిలో ఫస్ట్. ఆ ఏడు మా వీధి నుంచి పరీక్ష రాసింది ఆమె ఒక్కతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. టేకులపల్లి దిక్కు అడవి అంచున ఉండేవాళ్లం. అర్ధ సంవత్సరం పరీక్షలో పిల్ల లెక్కలు తప్పింది. మా ఇంటావిడ పొయ్యి ముందు నుంచి లేవకుండానే తీర్పు చెప్పేసింది.

"మార్చిల గూడ తప్పిందంటే సదువు బంద్. నాతోని మిరప కోతకు వస్తది."

ఆమె అన్నదంటే చేస్తుంది. పిల్ల కంచం ముందు నుంచి లేచిపోయింది.

"నేనుండంగ ఎట్ల తప్పుతది?" అన్నాను.

ఆ ధైర్యానికి కారణముంది. ఎండాకాలంలో బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లం దగ్గర కట్టలు లెక్కపెట్టే మనిషిని నేనే. అడవిలో ఆకు కోసి, కట్టలు కట్టి జనం తెచ్చేవాళ్లు. ఎండలో కొన్ని పాడవుతాయన్న వంకతో నూటికి అయిదు కట్టలు కొసరు తీసుకునేవాళ్లం. మా కల్లంలో నూరంటే నూటైదు. ఆ లెక్కే ఇంట్లో పలక పట్టి నేర్పాను.

"కొసరు లేకుంట లెక్కేంది బిడ్డా? ఎవలన్న నవ్వుతరు."

నవ్వనే నవ్వారు. బడిలో చిన్న పరీక్ష పెట్టారు. మొదటి రోజు నూరు ఇటుకలు చేసి, తర్వాత రోజుకు ఇరవై చొప్పున పెంచుకుంటూ పోతే, అయిదో రోజు ఎన్ని చేస్తారు? నూట ఎనభై అంటుంది పుస్తకం. మా పిల్ల నూట ఎనభై తొమ్మిది రాసింది.

లెక్కల సారు నాకు కబురు పెట్టారు. సన్మానమేమో అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుపోయాను.

"ఈ తొమ్మిది ఎక్కడియి?" అన్నారు.

"కొసరు సార్. నూటికి అయిదు, ఎనభైకి నాలుగు."

సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పెద్దమనిషీ, బిడ్డకు ఒక్క సాయం చెయ్యి. లెక్క చెప్పకు. తెల్లారగట్ల లేపి పక్కన కూసో. గంతే."

రోషం వచ్చింది. కానీ పిల్ల మిరప తోటలో వంగి ఉన్నట్టు కళ్లకు కట్టింది, నోరు మూసుకున్నాను. మర్నాటి నుంచి కోడి కూయగానే ఆమెను లేపడం, గోడకు ఆనుకుని కూర్చోవడం, అంతే నా పని. మార్చిలో పిల్ల పాసైంది. మార్కులు అడగకండి, ఒడ్డున పడింది. కోతకు మాత్రం పోలేదు, కాలేజీకి పోయింది.

మొన్న ఇంటికొచ్చిన చుట్టాలకు ఇదంతా చెబుతూ, "నిద్ర మాని కాపలా కాసిన" అన్నాను. పండ్లు కోస్తున్న మా అమ్మాయి తలెత్తకుండానే అంది.

"కాపలా ఏంది నాయినా? కూసున్న కాడనే గురక పెట్టేటోనివి."

"ఆ గురకకు నిద్రపట్టకనే గద నువ్వు సదివింది. గదన్న ఒప్పుకో."

"గందుకు కాదు. గురక ఆగితే నువ్వు లేచి మల్ల లెక్క చెప్తవని భయం. లేవకముందే జల్దీ జల్దీ చేస్కునేదాన్ని."