హెల్మెట్ల దరువు

షాలేమ్‌రాజు పగలగొట్టిన మొహాలకు కుట్లు వేసింది నేనే. అందుకని అతని గురించి చెప్పే హక్కు పాల్వంచలో నాకున్నంత ఇంకెవరికీ లేదనుకుంటాను. నా పేరు పుష్పలత, థర్మల్ కాలనీ దగ్గర డిస్పెన్సరీలో నర్సుని. హాకీ టీము ఇక్కడ ఉన్నన్నాళ్లూ మ్యాచ్ రోజున గ్రౌండు పక్క టెంటులో దూది, సూది పెట్టుకుని కూర్చునేదాన్ని. సాయంత్రానికి నా బట్టలకంటే మటన్ కొట్టువాడి బట్టలు నయంగా ఉండేవి.

ఆ టీమును కొన్నవాడు కిషన్‌లాల్, ఖమ్మంలో గ్రానైటు వ్యాపారి. దానికి కిన్నెరసాని బైసన్స్ అని పేరు పెట్టాడు. మావాళ్లు ఆ ఇంగ్లీషు ఎందుకొచ్చిన బాధ అనుకుని దున్నలు అనేశారు. దున్నలకు గోలు కొట్టడం చేతకాదని మొదటి సీజన్లోనే ఊరందరికీ తెలిసిపోయింది. పాయింట్ల పట్టికలో ఎప్పుడు చూసినా అట్టడుగునే. అయినా గ్యాలరీ నిండేది. గెలుస్తారని కాదు, షాలేమ్‌రాజు ఎవణ్ణో ఒకణ్ణి కొడతాడని.

దానికొక పద్ధతి ఉండేది. థర్మల్ ప్లాంటులో డ్యూటీ దిగి తిన్నగా గ్రౌండుకు వచ్చేవాళ్లు తలమీది హెల్మెట్లు తీసి గ్యాలరీ ఇనుప కమ్మీల మీద కొట్టేవారు. మొదలుపెట్టేది సీతయ్య. బొగ్గు బెల్టుల దగ్గర పర్మినెంటు ఆపరేటరు, యూనియన్లో పెద్ద నోరు. అతను ఒక్కటి కొడితే పదిమంది అందుకునేవారు, చూస్తుండగానే గ్యాలరీ మొత్తం దడదడలాడేది. ఆ దరువే షాలేమ్‌రాజుకు పిలుపు. అవతలి జట్టులో బాగా ఆడుతున్నవాడెవడో చూసుకుని, వాడి దగ్గర బంతి ఉన్నా లేకున్నా పోయి తగిలేవాడు. మోకాలో, మోచెయ్యో, ఒక్కోసారి పళ్లో పోయేవి. అంపైరు కార్డు చూపించగానే తలవంచుకుని వచ్చి నా టెంటు పక్క కుర్చీలో కూర్చునేవాడు. తను కొట్టినవాడికే నేను కుట్లు వేస్తుంటే మొహం అటు తిప్పుకునేవాడు. ఆ మహానుభావుడు రక్తం చూడలేడు మరి.

నేను తిట్టేదాన్ని. చూడలేనివాడివి ఎందుకు కారిస్తావని అడిగితే, వాళ్లు కొట్టమన్నారు కదా సిస్టరమ్మా అనేవాడు. అందులో ఎకసెక్కెం లేదు. నిజంగానే అతనికి అంతకుమించి కారణం తెలియదు.

అతను పుట్టింది బూడిద చెరువు పక్క గుడిసెల్లో. తండ్రి యేసుదానం ప్లాంటులో కాంట్రాక్టు కూలీ, బూడిద పైపులు విప్పి కడిగేవాడు. ఒక పొద్దున గేటు దగ్గర, ఆలస్యమైందని సూపర్‌వైజరు యేసుదానాన్ని చెంప మీద కొట్టాడు. హెల్మెట్ ఎగిరి మట్టిలో పడింది. యేసుదానం దాన్ని తీసుకుని, దుమ్ము దులిపి, మళ్లీ పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. సద్ది తెచ్చిన కొడుకు అదంతా చూస్తూ నిలబడ్డాడు. చుట్టూ ఉన్న పర్మినెంటు వాళ్లు ఇంకేదో చూస్తూ నిలబడ్డారు.

తర్వాత మిషన్ స్కూల్లో హాకీ పట్టాడు. మొదట్లో వాళ్లకు కర్రలు కూడా లేవు, అడవిలో వెదురు నరుక్కుని, కొస నిప్పు మీద వంచి ఆడేవారు. కాలనీ పిల్లలతో మొదటి మ్యాచ్‌లోనే ఒక ఇంజనీరు కొడుకు ముందరి పళ్లు రాలగొట్టాడు. తన్నులు తప్పవనుకుని నిలబడ్డాడట. తీరా చూస్తే గుడిసెలవాళ్లు వచ్చి భుజాల మీద ఎత్తుకున్నారు. అంతవరకు అతని పేరు కూడా తెలియనివాళ్లు ఊరంతా తిప్పారు. మనిషి చెడిపోవడానికి అలాంటి రోజు ఒక్కటి చాలు.

భార్య సంపూర్ణ మాత్రం ఒక్క మ్యాచ్‌కూ రాలేదు. కుట్టుమిషన్ మీద కూర్చునే, నీ ఆటేదో నువ్వు ఆడుకో, ఆ నెత్తురు నా గడపలోకి తేకు అనేది. అతను బూట్లు బయట కడిగాకే లోపలికి వెళ్లేవాడు.

పోయిన సీజన్ మధ్యలో అతని కర్ర తగిలి ఒక ఆటగాడి కంటికింది ఎముక చితికింది. నేను ఆ మొహం చూసి ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. పోటీలు నడిపే లీగ్ వాళ్లు వచ్చి గట్టిగా చెప్పారు. ఈ గ్రౌండులో ఇంకొక్కసారి కొట్లాట జరిగితే ఇక్కడ మ్యాచులు ఉండవు, కిషన్‌లాల్ టీమును రాయపూర్ తీసుకుపోవచ్చు. ఇక్కడ ఆడాల్సిన ఆఖరి మ్యాచ్ ప్రశాంతంగా ముగిస్తే దున్నలు పాల్వంచలోనే ఉంటాయి. కిషన్‌లాల్ ఆ మాట విని బాధపడ్డట్టు మొహం పెట్టాడు గానీ, రాయపూర్‌లో స్టేడియం చూసి వచ్చాడని డ్రైవర్లందరికీ తెలుసు.

షాలేమ్‌రాజు నిద్ర మానేశాడు. ఒక మధ్యాహ్నం డిస్పెన్సరీకి వచ్చి బల్ల మీద కూర్చుని, “టీము పోతే నేను మల్ల బూడిద పైపుల కాడికే సిస్టరమ్మా. మా నాయన లెక్కనే,” అన్నాడు. టీముతో పాటు రాయపూర్ పోవచ్చు కదా అంటే, ఈ ఊళ్లో తప్ప తను ఎక్కడా మనిషిని కానన్నాడు. నాకు జాలి వేసింది. అయితే ఈసారి చేతులు కట్టుకుని ఆడి చావు అన్నాను.

ఆ ఆదివారం మా చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాడు. ఇక ఎవరి మీదా చెయ్యి ఎత్తనని దేవుడి ముందు, సంఘం ముందు ఒట్టు పెట్టాడు. మాటలు తడబడ్డాయి. మా చర్చిలో ఏడవడానికి పెద్ద కారణం అక్కర్లేదు గానీ ఆ రోజు సంపూర్ణ ఏడ్చింది, ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

సీతయ్యను కూడా మెచ్చుకోవాలి. యూనియన్ ఆఫీసులో మీటింగు పెట్టి, ఈసారి హెల్మెట్ ఎవరూ లోపలికి తేవద్దు, గేటు దగ్గర కుప్ప పోసి రావాలి, దరువు లేదు అని తీర్మానం చేయించాడు. కాలనీలో ఇంటింటికీ చెప్పించాడు.

మ్యాచ్ రోజున గేటు దగ్గర నిజంగానే హెల్మెట్లు గుట్టగా పడి ఉన్నాయి. అవతలిది విశాఖ జట్టు. అందులో ముందు వరసలో ఆడే సాయికృష్ణ మన దమ్మపేట పిల్లవాడే, బక్కగా, చెంగుచెంగున ఉరికేవాడు. గ్యాలరీ నిండా జనం ఉన్నా చర్చిలో ఉన్నంత నెమ్మదిగా కూర్చున్నారు. కిషన్‌లాల్, లీగ్ మనుషులు ముందు కుర్చీల్లో ఉన్నారు.

విచిత్రమేమిటంటే ఆ రోజు దున్నలు ఆడారు. షాలేమ్‌రాజు ఒక్కణ్ణీ ముట్టుకోకుండా బంతిని మాత్రమే లాక్కుంటుంటే, ఇతనికి ఇంత ఆట వచ్చా అని నోరు తెరిచాను. విశాఖవాడొకడు కావాలనే కర్రతో అతని పెదవి చీరేశాడు. టెంటులోకి వచ్చి నా ముందు కూర్చున్నప్పుడు నెత్తురు మెడ మీదికి కారుతోంది. మత్తు ఇవ్వకుండానే కుట్టాను. అతను నవ్వుతున్నాడు. “గిట్ల గూడ ఆడొచ్చని నాకిన్నేండ్లు తెల్వలె,” అన్నాడు.

అతను తిరిగి వెళ్లాక దున్నలు ఒక గోలు కొట్టారు. ఇంకాస్త సేపు కాచుకుంటే చాలు. గేటు దగ్గర హెల్మెట్లు తీయిస్తున్నవాళ్లు కూడా ఆట చూడటానికి లోపలికి వచ్చేశారు.

అప్పుడు బస్సు వచ్చింది. ప్లాంటులో ఒక యూనిట్‌కు ఓవర్‌హాలింగ్ జరుగుతోంది. దానికోసం తెచ్చిన కాంట్రాక్టు కూలీలు భద్రాచలం రోడ్డు పక్క రేకుల షెడ్లలో ఉండేవారు. పగలంతా బాయిలర్లో దూరి పనిచేసి, ఆ సాయంత్రం దున్నల మ్యాచ్ కోసమే ఆ బస్సెక్కి వచ్చారు. స్కోరు బోర్డు చూశారు. వాళ్ల దున్నలు గెలుస్తున్నాయి. ఆ సంబరంలో పసుపు హెల్మెట్లు తీసి కమ్మీల మీద కొట్టడం మొదలుపెట్టారు.

సీతయ్య ఇంటింటికీ చెప్పించాడన్నాను కదా. పర్మినెంటు వాళ్ల ఇంటింటికీ చెప్పించాడు. కాంట్రాక్టు వాళ్లకు ఏదైనా చెప్పాలన్న ఆలోచన మా కాలనీలో ఏ రోజూ ఎవరికీ రాదు, ఆ రోజూ రాలేదు.

నేను షాలేమ్‌రాజు మొహాన్నే చూస్తున్నాను. ఆ మొహంలో కోపం లేదు. దడదడ చెవిన పడగానే మెడ తిరిగింది, కాళ్లు కదిలాయి, కర్ర లేచింది. సాయికృష్ణ బంతికి ఎంతో దూరంలో నిలబడి ఆ చప్పుడేమిటా అని గ్యాలరీ వైపు చూస్తున్నాడు. కర్ర అతని దవడకు తగిలిన చప్పుడు దరువు మధ్య కూడా నాకు వినిపించింది.

పిల్లవాడు కిందపడేసరికి నేను పరిగెత్తాను. కింది దవడ రెండుగా విరిగి పక్కకు వచ్చేసింది, పళ్లు నాలుక మీద ఉన్నాయి. రెండు చేతులతో ఆ దవడను పట్టుకుని ఊపిరి ఆడేలా తల వంచి కూర్చున్నాను. గ్యాలరీలో పర్మినెంటు వాళ్లు పసుపు హెల్మెట్ల మీద పడ్డారు. కుర్చీలు లేచాయి. ఒకణ్ణి కమ్మీల మీదుగా కిందికి తోసేశారు, పడినవాణ్ణి తొక్కారు. కిషన్‌లాల్ కారు అప్పటికే గేటు దాటింది.

షాలేమ్‌రాజు కర్ర పారేసి వచ్చాడు. సాయికృష్ణను రెండు చేతుల మీద ఎత్తుకుని అంబులెన్సు వైపు నడిచాడు. నేను పక్కనే దవడ పట్టుకుని నడిచాను. గేటు దగ్గర జనం అడ్డం తిరిగారు. టీము పాయె, నువ్వే పోగొట్టినవ్ అని కొట్టడం మొదలుపెట్టారు. ఇన్నేళ్లూ కొట్టు కొట్టు అన్న నోళ్లే అవి. కుప్పలోని హెల్మెట్లు తీసి విసిరారు, రాళ్లు విసిరారు. సీతయ్య విసిరిన రాయి అతని నుదురు చీల్చింది, నేను కళ్లారా చూశాను. వీపు మీద కర్రలు విరుగుతున్నా షాలేమ్‌రాజు పిల్లవాణ్ణి దించలేదు. ముందుకు వంగి, ఆ బక్క ఒంటి మీద గొడుగు పట్టినట్టు నడిచాడు. చేతులు ఖాళీ లేవు కాబట్టి తల కాచుకోలేకపోయాడు.

గుంపులోంచి ఒక కాంట్రాక్టు కూలీ దూసుకొచ్చాడు. పేరు మంగయ్య అని తర్వాత తెలిసింది. అతని చెవి తెగి వేలాడుతోంది. తన తలమీది పసుపు హెల్మెట్ తీసి షాలేమ్‌రాజు తలకు పెట్టాడు. కాలనీవాళ్లు రాళ్లు వేస్తుండగానే గడ్డం కింద పట్టీ బిగించాడు.

“కొట్టొద్దని మాకెవ్వరు చెప్పలేదన్నా,” అన్నాడు. అదే మాట అంబులెన్సు దాకా అంటూనే వచ్చాడు.

మర్నాడు ఖమ్మం దవాఖానకు షాలేమ్‌రాజు వెళ్తానంటే నేనూ వెంట వెళ్లాను. సాయికృష్ణ దవడకు తీగలు కట్టి ఉన్నాయి. మంచం పక్కన తల్లి అనంతమ్మ కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాం, తిట్టలేదు.

“నా పిల్లగాడు నీకేం జేసిండు?” అని అడిగింది.

“ఏం జెయ్యలేదమ్మా.”

“మరెందుకు కొట్టినవ్?”

షాలేమ్‌రాజు నాకు చెప్పినట్టు, వాళ్లు కొట్టమన్నారని ఆమెకు చెప్పలేకపోయాడు. బయటికి వచ్చేశాడు.

టీము రాయపూర్ పోయింది. లీగ్ షాలేమ్‌రాజును ఒక సీజన్ నిషేధించింది. కిషన్‌లాల్ మాత్రం ఫోను చేసి, నిషేధం అయిపోగానే వచ్చెయ్, అక్కడి జనం నిన్ను చూడాలంటున్నారు అన్నాడట. ఆడ హెల్మెట్లు కొట్టేటోళ్లు ఎవరు శేఠ్ అని ఇతను అడిగాడు. నేను కొని పంచుతానని ఆయన అన్నాడు. ఇతను ఫోను పెట్టేశాడు. అన్నట్టుగానే ఇప్పుడు అక్కడ గేటు దగ్గర ప్లాస్టిక్ హెల్మెట్లు పంచుతున్నారు, టీవీలో చూశాను.

షాలేమ్‌రాజు బూడిద పైపులు కడుగుతున్నాడు. మంగయ్య ఇచ్చిన హెల్మెట్టే పెట్టుకుంటాడు, దాని మీద సొట్టలు అలాగే ఉన్నాయి. కాలనీవాళ్లు అతనితో మాట్లాడరు. సీతయ్య ఎదురుపడితే ఇంకేదో చూస్తాడు. నాకు అతని మీద ఇంకా కోపమే. ఆ పిల్లవాడి దవడ నా చేతుల్లో కదలడం నేను మర్చిపోలేను. కానీ సీతయ్య మీద ఉన్న కోపంతో పోలిస్తే అది ఏ మూలకూ రాదు.

పోయిన ఆదివారం ఆరాధన జరుగుతుండగా తొలకరి వాన దిగింది. మా చర్చికి రేకుల కప్పు. మొదట నాలుగు చినుకులు టపటపమన్నాయి, ఆ వెంటనే రేకు మొత్తం దడదడలాడింది. ముందు వరసలో మోకాళ్ల మీద ఉన్న షాలేమ్‌రాజు మెడ తిరిగింది. కుడి చెయ్యి పిడికిలి బిగిసి భుజం దాకా లేచింది. అతని పక్కన ఒక ముసలాయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి సంపూర్ణ లేచి, అందరూ చూస్తుండగా మధ్య దారి దాటి వచ్చి, ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించింది. వాన వెలిసేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.