ఎండు వేపచెట్టుకు కాపలా

మా సైనిక్‌పురి గల్లీలో పక్కింటి సుబేదార్ సాబ్ మొన్నామధ్య ఒక సాయంత్రం కన్నుమూశారు. ఎనభై రెండేళ్ల వయసు, అలసిపోయిన గుండె, డాక్టర్ వద్దన్నా మానని మిర్చి బజ్జీలు. అయినా కాలనీ విచారణ జరిపి, నేరం మోపింది ఎవరిమీదో తెలుసా? ఎదుటి ఖాళీ ప్లాటులో, ఎండు వేపచెట్టు తొర్రలో కాపురముండే గుప్పెడంత గుడ్లగూబల జంటమీద. ఆ సాయంత్రం అవి కూశాయట.

పాఠకులకు సవినయంగా మనవి: అవి రోజూ కూస్తాయి. ఆ లెక్కన మా కాలనీ ఎప్పుడో ఖాళీ కావాలి.

సాబ్ రోజూ పొద్దున్నే ఆ చెట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, నోటుబుక్కులో హాజరు తీసుకునేవారు. తొండ, హాజర్. ముంగిస, హాజర్. పిచ్చుకల పక్కన మాత్రం కొన్నేళ్లుగా ఒకటే మాట: గైర్‌హాజర్. అది రాసేముందు పెన్సిలు కాసేపు ఆగేది.

"వీటికి పింఛను సుత ఇస్తరా సాబ్?" అని అడిగానొకసారి. డిగ్రీ చదివినవాణ్ని కదా, ఆ మాత్రం తెలివి ఉంటుంది.

"నవ్వు హీరో, నవ్వు. లడఖ్ మంచుల నల్లమెడ కొంగను చూసిన. రాజస్థాన్ ఇసుకల బట్టమేక పిట్టను చూసిన. అస్సాంల ఖడ్గమృగం మా జీపుకే అడ్డమొచ్చింది. వాటికి కాపల పెట్టెతందుకు సర్కారున్నది. గీ ఎండిన చెట్టుకు ఎవరున్నరు? నేనున్న. నా తర్వాత?"

నేను ఫోను చూసుకున్నాను.

పదకొండో రోజు దాటగానే కాలనీ ప్రెసిడెంట్ అంకుల్ చెట్టు కొట్టించడానికి రంపం మనిషిని వెంటబెట్టుకొచ్చారు. సాబ్ భార్య, గల్లీ అందరికీ నానమ్మ, ఆ కుర్చీ, నోటుబుక్కు నా చేతికిచ్చింది. నేను చెట్టు మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఏందిరా నీ నాటకం? లే! అపశకునం పిట్టలవి. ఆయన్ను తినేసినయ్."

"ఇరవై ఏండ్లు వాటి ముంగటనే కూసున్నడు అంకుల్. తినేటియి గింత లేటు చేస్తయా?"

రంపం మనిషి కిసుక్కున నవ్వాడు. అంకుల్ నవ్వలేదు. "రేపొస్తం. అప్పుడు చూస్త నీ సంగతి."

"రండి, చాయ్ తాగిస్త. కుర్చీ మాత్రం గిక్కడ్నే ఉంటది."

జోకు కాదని ఆయనకు అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది.

వాళ్లు వెళ్లాక నోటుబుక్కు తెరిచాను. సాబ్ పోయిన రోజు పొద్దున రాసిన పేజీ. తొండ, ముంగిస, గుడ్లగూబలు రెండు. అన్నిటికన్నా అడుగున: హీరో, గైర్‌హాజర్. వెనక్కి తిప్పాను. 'నా తర్వాత?' అని ఆయన అడిగిన మర్నాటి దాకా రోజూ అదే.

కొత్త పేజీలో ఆ రోజు తేదీ వేసి, మొదటి మాటగా నా హాజరు రాశాను. పైన తొర్రలోంచి రెండు గుండ్రటి తలలు బయటికొచ్చి, పైకీ కిందకీ ఊగుతూ, కుర్చీలో కొత్తగా చేరినవాణ్ని పరిశీలిస్తున్నాయి.