గుడ్డికొంగ కూర్చున్న చోటు

నా చిన్నప్పుడు అనగానే ఆర్మూరు పసుపు వాసన, మా తాతయ్య చేయి కలిసే గుర్తొస్తాయి. పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి సరుకు ఎలాంటిదో చెప్పేవాడాయన. ఒక ఏడు ఆ రంగు ఆయన కళ్లకు అందలేదు. ఇక చూపు రాదని దవాఖానలో చెప్పారు. మార్కెట్‌కు పోవడం మానేసి అరుగు మీదే కూర్చునేవాడు.

మా వాడకట్టు పిల్లలు ఆయన్ని గుడ్డికొంగ అంటుంటే విని ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఎందుకేడుస్తున్నానో చెప్పేదాకా తాతయ్య వదల్లేదు. విన్నాక కోప్పడలేదు.

"నడువు బిడ్డా, గా కొంగను నీకు చూపిస్త" అన్నాడు.

చేయి పట్టుకుని మా పసుపు చేను పక్కనున్న కుంట దాకా తీసుకెళ్లాను.

"నీళ్ల నడుమ చూడకు. ఒడ్డు పొంటి, తుంగ మొదట్ల చూడు. మట్టిరంగు వీపు. మెడ లోపటికి గుంజుకొని కూసుంటది."

చాలాసేపు బురదే కనిపించింది. తర్వాత ఆ బురదలో పసుపురంగు కన్నొకటి కనిపించింది.

"కనబడ్డది తాతా! మన దిక్కే చూస్తున్నది."

"మరి గుడ్డిదెట్లయితది? మనిషి దగ్గరికొచ్చేదాంక కదలదు, గంతే. గందుకే గా పేరు వెట్టిండ్రు."

అంతలో అది లేచింది. మట్టిముద్దలా ఉన్న పిట్ట రెక్కలు విప్పేసరికి తెల్లగా మారిపోయింది. నేను గంతులేశాను. తాతయ్య ముఖం మాత్రం తుంగ వైపే ఉంది.

"ఇంక గాడనే ఉన్నదా?" అని అడిగాడు.

ఆయనకు ఏమీ కనబడదని నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. గంతులు ఆపేశాను. ఎగిరిపోయిందని మాత్రం అనగలిగాను.

"ఎట్ల పోయింది? జర మంచిగ చెప్పు బిడ్డా."

చెప్పాను. తెల్లటి రెక్కలు, వెనక్కి చాచిన కాళ్లు, చేను మీదుగా అది పోయిన దారి. ఆయన కళ్ల నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా విన్నాడు.

ఆయన మంచం పట్టాక నేనొక్కదాన్నే కుంటకు పోయి, చూసొచ్చింది చెప్పేదాన్ని. ఆయన పోయిన రోజు కూడా చెప్పాను. విన్నాడో లేదో తెలియదు.

ఇప్పుడు మా ఆయన పక్షవాతంతో మంచాన ఉన్నాడు. మాట రాదు. చూడవచ్చినవాళ్లు ఆయన ఎలా ఉన్నాడో నన్నే అడిగి వెళ్లిపోతారు. నేను కిటికీ దగ్గర నిలబడి, పసుపు బస్తాల బండ్లు ఎటు పోతున్నాయో, ఎవరి వాకిట్లో ఏం ఎండబోశారో ఆయనకు చెబుతుంటాను. లేవలేని మనిషి దగ్గరికి లోకాన్ని మోసుకురావాలని తాతయ్య దగ్గరే నేర్చుకున్నాను. నేను చెప్పడం ఆపితే, కదిలే ఆ ఒక్క చేత్తో నా చేయి లాగుతాడు. మళ్లీ కిటికీ వైపు తిరుగుతాను.