ఆపా నడిపిన మంచు బండి

ఆపా పోయిందన్న కబురు నేను క్లాసులో ఉండగా వచ్చింది. టీమ్ వాట్సాప్ గ్రూపులో వాళ్ళమ్మాయి ఒక్క వాక్యం పెట్టింది: "అమ్మీ ఇందాకే వెళ్ళిపోయింది." ఫోను బల్ల మీద బోర్లించి, బోర్డు మీద సగం రాసిన లెక్క పూర్తి చేశాను. ఎందుకు పూర్తి చేశానో నాకే తెలియదు. పిల్లలు రాసుకున్నారు కూడా.

సౌదీలో ఖననానికి ఆలస్యం చెయ్యరు. సాయంత్రం నమాజు కాగానే మగవాళ్ళు తీసుకెళ్ళిపోయారు. ఆడవాళ్ళం దమ్మాంలోని ఆపా ఫ్లాటులోనే ఉండిపోయాం. హాకీ పిల్లలందరూ వచ్చారు. గోడవారగా, నల్లటి అబాయాల్లో, ఒకరి భుజానికొకరు ఆనుకుని కూర్చున్నారు. ఖర్జూరాల పళ్ళెం చేతులు మారుతోందిగాని ఎవరూ తీసుకోవడం లేదు.

మా కాలేజీ ఆడపిల్లల ఐస్ హాకీ జట్టు గురించి మీలో కొందరు వినే ఉంటారు. ఎడారిలో మంచు హాకీ అని నవ్వుకునీ ఉంటారు. ఆ జట్టుకి చరిత్ర అంటూ ఉంటే అది ఆపాదే. కాలేజీలో చిన్నా పెద్దా అందరూ ఆమెను ఆపా అనేవాళ్ళు, అక్క అని. సొంతూరు కర్నూలు. పెళ్ళయి భర్త వెంట ఇక్కడికొచ్చి, చాలాకాలం ఇంట్లోనే ఉండి, మా ప్రైవేటు కాలేజీలో అమ్మాయిలకు ఆటల పీరియడు పెట్టినప్పుడు టీచరుగా చేరింది. నేను అక్కడే స్టాటిస్టిక్స్ చెబుతాను. స్టాఫ్ రూములో తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. నాది విజయవాడ అని తెలిసిన రోజు నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మే, నువ్వు మాట్లాడ్తాంటే రేడియో పెట్టినట్టుండాది" అంది.

చదువుకునే రోజుల్లో ఆపా మామూలు హాకీ ఆడింది, కర్నూలు ఎర్రమట్టి గ్రౌండులో, సల్వారు మీద షూ కట్టుకుని. ఇక్కడ అదే నేర్పిద్దామనుకుంది. ఆడపిల్లలు ఆడటానికి నాలుగు గోడల మధ్య గ్రౌండు కావాలి, అది లేదు. ఊళ్ళో ఒక మాల్‌లో మంచు మీద స్కేటింగ్ చేసే ఐస్ రింకు ఉంది. తెల్లారి దుకాణాలు తెరిచేలోపు అది ఖాళీ. "మట్టి లేదంట మే, మంచుందంట. ఉంటే ఉండనీ, చేతిలో కర్రే గదా" అంది. కర్ర కూడా వేరే అని తర్వాత తెలిసింది. బంతి ఉండదు, నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుందనీ తెలిసింది. అయినా వెనక్కి తగ్గలేదు. జట్టుకి బాధ్యురాలిగా ఇంకో టీచరు సంతకం కావాలంటే నా చేత పెట్టించింది.

చివరిదాకా ఆమెకు స్కేటింగ్ రాలేదు. జారకుండా బూట్ల మీద ఊలు సాక్సులు తొడుక్కుని మంచు మీద నడిచేది. ఆ పాదాలతో గోలు దగ్గరికి పోయి, పడిన పిల్లని చంకలకింద చేతులేసి లేపేది. ప్రాక్టీసు కాగానే స్టీలు డబ్బాలోంచి ఉగ్గాని, బజ్జీలు. పక్క ఊరు ఖతీఫ్ నుంచి వచ్చే జాలరుల ఇంటి పిల్లలు కళ్ళనీళ్ళు కారుస్తూ పచ్చిమిరపకాయ బజ్జీలు తినేవాళ్ళు, మళ్ళీ చెయ్యి చాపేవాళ్ళు. మొదటి మ్యాచ్ విదేశీయుల కోసం గోడ కట్టిన ఒక కాంపౌండులో ఉండే ఆడవాళ్ళతో. ఎన్ని గోల్స్ తిన్నామో లెక్కపెట్టడం సగంలోనే మానేశాం. తిరుగు ప్రయాణంలో బస్సులో అందరూ ఏడుస్తుంటే ఆపా గట్టిగా నవ్వింది. "ఏడ్చేది ఇంటికాడ ఏడవండి. ఈడ ఏడిస్తే డ్రైవరు మనల్ని దింపేస్తాడు."

ఇక రాయాలా వద్దా అని నేను చాలా రోజులు తటపటాయించిన విషయానికి వస్తాను.

రింకు వెనక ఒక పెద్ద ఇనుప షట్టరు ఉంటుంది. అది సరుకులు మోసే దారిలోకి తెరుచుకుంటుంది. మొదటి ఏడాది ఒక రోజు ఆ షట్టరు కింది సందులోంచి ఎవరో ఫోను పెట్టి వీడియో తీశారు. అందులో ఒక అమ్మాయి ముఖం కనిపించింది. అది వాళ్ళింటికి చేరింది. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. చదువు కూడా ఆపేశారని విన్నాం. మిగిలిన పిల్లలు భయపడిపోయారు. షట్టరు పూర్తిగా మూస్తేనే వస్తామన్నారు. ఆపా ఆ రోజు నుంచి దాన్ని నేలదాకా దించి, కింద సందులో పాత దుప్పట్లు కుక్కేది. ముందు తలుపులకి నల్ల పరదాలు. లోపల ఒక్క మగవాడు ఉండకూడదు.

దాంతో ఇంకో చిక్కు వచ్చింది. స్కేట్లు గీరి గీరి మంచు గాడులు పడుతుంది. దాన్ని చెక్కి, నీళ్ళు పోసి నునుపు చేసే బండి ఒకటి ఉంటుంది. అది నడిపేవాడు మగవాడు, జగిత్యాల నుంచి వచ్చినతను. మా ఆట మధ్యలో అతను లోపలికి రావడానికి లేదు. ఒక అమ్మాయి గాడిలో స్కేటు ఇరుక్కుని పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ వారమే ఆపా అతని దగ్గరికి పోయింది.

"తమ్ముడూ, నాకీ బండి నేర్పిస్తావా?"

అతను కంగారుపడ్డాడు. "అక్కా, కార్ల లెక్క గాదు ఇది. బిరాన తిప్పినవనుకో, పోయి గోడకు గుద్దుతది. నా నౌకరి పోతది."

"నీ ఉద్యోగం పోతే నా ఇంట్లో తిందువులే. నేర్పు."

ఆడవాళ్ళకు రోడ్డు మీద కారు లైసెన్సు ఇంకా ఇవ్వని రోజులవి. గాజులు తీసి నా చేతిలో పెట్టి, ఆ ఏనుగంత బండెక్కి, ఆపా రింకు చుట్టూ గుండ్రంగా తిరుగుతుంటే పిల్లలు అద్దాల వెనక నిలబడి ఈలలు వేశారు. ఆమె వెనకాల మంచు తడిగా, అద్దంలా పరుచుకుంటూ వచ్చింది. దిగి, నడుం మీద చెయ్యేసుకుని తెలుగులోనే అరిచింది. "నునుపు చేసేది నా పని. గీకి పాడు చేసేది మీ పని. కానీండి!" ఇప్పటికీ మా పిల్లలు ఆట మొదలుపెట్టేముందు గుంపుగా తలలు కలిపి "కానీండి" అని అరుస్తారు. అది అరబ్బీ కాదని కొత్తగా చేరేవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది.

మా మంచు మేమే చేసుకుంటాం అన్నది ఆ జట్టుకి పేరు తెచ్చింది. జట్లు మారాయి, కెప్టెన్లు మారారు, బయట చాలా చట్టాలు మారాయి. షట్టరు, బండి, ఆపా మాత్రం మారలేదు. పోయిన చలికాలం దాకా ఆమే నడిపింది.

ప్రాక్టీసు తర్వాత అందరికీ దగ్గు వచ్చేది, తలనొప్పి వచ్చేది. చలికి అనుకునేవాళ్ళం. 'రింకు దగ్గు' అని దానికి పేరు కూడా పెట్టుకున్నాం. ఆపాకి అది ఎండాకాలంలోనూ తగ్గకపోతే, "మంచు నన్నిడిచిపెట్టడం లేదు మే" అని నవ్వేది. తర్వాత మెట్లెక్కలేకపోయింది. ఆ తర్వాత మంచం పక్కన ఆక్సిజన్ మిషను.

ఆ సాయంత్రం ఫ్లాటులో మా ఇప్పటి కెప్టెన్, ఖతీఫ్ అమ్మాయి, నా పక్కకి జరిగి కూర్చుంది. "మేడమ్, మేం నిర్ణయించుకున్నాం. ఇక బండి నేను నడుపుతాను. నా తర్వాత కెప్టెన్ నడుపుతుంది. ఎప్పటికీ మగవాళ్ళని రానివ్వం. ఆపా కోసం." చుట్టూ ఉన్న పిల్లలు తలలూపారు. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ ఆ కళ్ళలో మొదటిసారి కాస్త వెలుగు చూశాను.

అంతలో ఆపా కూతురు నన్ను వంటింట్లోకి పిలిచింది. పొయ్యి మీద టీ పొంగుతుంటే మంట తగ్గిస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఆంటీ, ఆ బండి దేంతో నడుస్తుంది?"

"గ్యాసుతో. సిలిండరు ఉంటుంది వెనకాల."

"ఊపిరితిత్తుల డాక్టరు పదేపదే అడిగాడు, మీ అమ్మ పొగలో పనిచేసిందా అని. వెల్డింగా, ఫ్యాక్టరీనా అన్నాడు. కాలేజీ టీచర్ అన్నాం. అమ్మీ కూడా ఏం చెప్పలేదు. నిన్న రాత్రి పక్కన కూర్చున్నప్పుడు తట్టింది." గ్లాసుల్లో టీ పోసింది. "అక్కడ పొగ ఉంటుందా ఆంటీ?"

పొగ కనిపించేది కాదు. ఒక రకమైన వాసన ఉండేది, అంతే. ఆ వాసనంటేనే మాకు ఆట మొదలవుతున్నట్టు లెక్క.

రెండు విషయాలు కలిసి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని నేను పిల్లలకు పాఠం చెబుతాను. ఆపా చిన్నప్పుడు వాళ్ళమ్మ కట్టెలపొయ్యి పొగలో పెరిగింది. ఇక్కడి దుమ్ముతుపానులు ఉన్నాయి, ఆయిల్ వాసన ఉంది. డాక్టరు కూడా ఇదే అని చెప్పలేనన్నాడట. ఇవన్నీ నాకు నేను చెప్పుకున్నాను. జగిత్యాల అతన్ని అడిగితే, మగవాళ్ళ టైములో షట్టరు ఎప్పుడూ సగం లేపే ఉంటుందన్నాడు, చెక్కిన మంచు బయట పారబోయాలి కాబట్టి. బండి పొగ కూడా అటే పోతుందట. రింకు మేనేజరు కరెంటు బండి వచ్చే సీజన్‌లో, ఇన్‌షా అల్లా అన్నాడు. చెప్పకుండా ఊరుకుందామా అనీ అనిపించింది. పిల్లల దగ్గర ఆమె తాలూకు మిగిలిందల్లా ఆ బండే. అది తీసేసుకునే హక్కు నాకుందా? కాని దాని మీద కూర్చోబోయే అమ్మాయికి ఇరవయ్యేళ్ళు కూడా లేవు.

ఆపా పోయాక మొదటి ప్రాక్టీసు రోజు, లాకర్ గదిలో చెప్పేశాను. తెలిసినది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు. కరెంటు బండి వచ్చేదాకా షట్టరు లేపకుండా బండి నడపడానికి ఒప్పుకోనన్నాను.

కెప్టెన్ స్కేటు లేసులు ముడివేస్తూ ఆగిపోయింది.

"షట్టరు మూయమని అడిగింది మేం. ఆపా కాదు."

"ఇప్పుడున్నవాళ్ళు కాదు. అప్పటి పిల్లలు."

"మేమూ అడిగాం, ప్రతి ఏడూ. మేడమ్, ఆపాని మేమే చంపామంటున్నారా?"

అలా కాదన్నాను. ఆ మాట ఎంత బలహీనంగా వచ్చిందో నాకే వినిపించింది. ఆపా అయితే ఏదో ఒక చురక వేసి నవ్వించేది. నాకు ఆ విద్య లేదు.

మా గోల్‌కీపరు లేచి, కాళ్ళకి కట్టుకున్న ఆ లావుపాటి ప్యాడ్ల మీదుగానే అబాయా వేసుకుంది. "షట్టరు లేస్తే నేను ఆడలేను. నాన్నకి మాటిచ్చాను" అంది. కోపం లేదు ఆ గొంతులో. పోయి అద్దాల వెనక బెంచీ మీద కూర్చుంది. ఇంకో ఇద్దరు ఆమె పక్కన కూర్చున్నారు. జట్టు అక్కడికక్కడే రెండుగా చీలడం చూస్తూ నిలబడ్డాను.

కెప్టెన్ మాత్రం లేచింది. తల మీద బట్ట సరిచేసుకుంది. షట్టరు దగ్గరికి పోయి దుప్పట్లు లాగేసి, మీట నొక్కింది. అది మోకాలెత్తు లేచింది. బండెక్కి తాళం తిప్పింది.

సగం చుట్టు తిరిగిందో లేదో బెంచీ మీద ఎవరో దగ్గారు. చిన్న దగ్గే. కాని అందరం అటు తిరిగాం. కెప్టెన్ బండి ఆపింది, దిగింది, మళ్ళీ మీట నొక్కింది. ఈసారి షట్టరు నడుమెత్తు దాకా లేచింది. సరుకుల దారిలో తోపుడుబళ్ళ చప్పుడు, అడుగుల చప్పుడు దగ్గరపడ్డాయి. కొన్ని చెప్పులు ఆగాయి.

"చలో భాయ్, చలో. ఈడ నిలవడకుండ్రి, నడువుండ్రి" అని ఒక గొంతు వినిపించింది. జగిత్యాల అతను. రమ్మని ఎవరూ పిలవలేదు. షట్టరు కింద అతని నీలం ప్యాంటు, అరిగిన సేఫ్టీ బూట్లు కనిపిస్తున్నాయి, మడమలు మా వైపు, ముని వేళ్ళు దారి వైపు. బండి మళ్ళీ కదిలింది. లోపలి చల్లగాలి తెల్లగా నేల మీద పాకుతూ పోయి ఆ బూట్లను చుట్టుకుని అవతలికి జారింది. బెంచీ మీద గోల్‌కీపరు మాస్కు ఒళ్ళో పెట్టుకుని ఆ మడమలకేసి చూస్తూ కూర్చుంది. బండి చుట్టు తిరిగి వచ్చింది, ఇంకో చుట్టు తిరిగింది. ఆ బూట్లు ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.