వాయిదాల కాంతయ్య

కాంతయ్య ఏ పనినీ చెప్పిన రోజున చేసిన పాపాన పోలేదు. మలయా దేశంలో బాగన్ దాతుక్ దగ్గరి కొబ్బరి ఎస్టేటు ఆస్పత్రిలో మందులిచ్చి కట్లు కట్టే డ్రెస్సరు ఆయన. ఆ ఆస్పత్రి గోడ మీది క్యాలెండరులో ఎప్పుడు చూసినా పోయిన నెలే ఉండేది. "మావా, కొత్త నెల వచ్చి పది రోజులైనాది" అంటూ మేనకోడలు జయమణి కాగితం చింపబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"తొందరేటి? అదెక్కడికి పోద్ది? సూద్దుం లా."

చివర ఆ మలయా ఊతపదం 'లా' తగిలించాడంటే వాయిదాకి ముద్ర పడిపోయినట్టే.

ఆయన కొడుకు బారసాల వాయిదా పడీ పడీ పిల్లాణ్ణి బళ్లో వేసే వయసొచ్చింది. పేరేమిటని పంతులు అడిగితే కాంతయ్య వచ్చే వారం చెప్తానన్నాడు. నాలుగు వారాలు చూశాక ఆ తమిళ పంతులు మారిముత్తు విసిగిపోయి, రిజిస్టరులో తన పేరే రాసేశాడు. అలా ఒక తెలుగు పిల్లాడు మారిముత్తు అయి కూర్చున్నాడు. "నా కొడుకుని కేకేస్తే పంతులు పలుకుతున్నాడు" అని కాంతయ్య భార్య కూర్మమ్మ వీధిలో అందరికీ చెప్పుకునేది.

1948లో మలయాలో ఎమర్జెన్సీ వచ్చి అడవిలో కమ్యూనిస్టులకీ సర్కారుకీ పోరు మొదలయ్యాక, ప్రతి మనిషికీ ఫోటోతో గుర్తింపు కార్డు ఉండాలన్నారు. ఫోటో తీసేవాడు ఎస్టేటుకి మూడుసార్లు వచ్చాడు. గడ్డం గీసుకుని దిగుతానని మూడుసార్లూ కాంతయ్య వాయిదా వేశాడు. నాలుగోసారి పోలీసు సార్జంటు స్వయంగా ఇంటికొచ్చేసరికి ఆయన నిజంగానే గడ్డం గీసుకుంటున్నాడు. సార్జంటు ఆగలేదు. సగం ముఖం నురగతో ఉన్న ఆ ఫోటోయే కార్డు మీదకెక్కింది. రోడ్డు మీద తనిఖీ చేసే సిపాయిలు అందరి సంచులూ తిరగేసేవారు గానీ, కాంతయ్య కార్డు చూశాక నవ్వాపుకోలేక పొమ్మనేవారు.

1956 మే నెలలో, ఈపో పట్నం హాస్టల్లో ఉండి పై చదువు పరీక్ష రాసి, జయమణి ఇంటికొచ్చింది. ఆమె అన్న తాతబాబు ఎస్టేటులో స్పెషల్ కానిస్టేబుల్. ఒక మధ్యాహ్నం ఎండుకొబ్బరి లారీకి కాపలాగా వెళ్తుంటే దారిలో కాల్పులు జరిగి తొడలో తూటా దిగింది. ఆస్పత్రికి మోసుకొచ్చేసరికి కాంతయ్యకి సాయం చేసే మనిషి లేడు. పళ్లెం పట్టుకోవడానికి జయమణి ఒక్కతే ఉంది. పట్నం నుంచి అంబులెన్సు వచ్చేదాకా రెండు గంటల పాటు, మావ చెప్పినచోట చెప్పినట్టు గాయాన్ని వేళ్లతో అదిమి పట్టుకుంది. ఏడవలేదు, కళ్లు తిరిగి పడలేదు. తాతబాబు బతికాడు. కాలు కాస్త ఈడుస్తాడంతే.

ఆ తర్వాతే జయమణికి తన చేతులు తనవి కాకుండా పోయాయి. చేప కోద్దామని కత్తి తీస్తే వణుకు. ఎర్రగా మరిగే పులుసు చూస్తే పొయ్యి దగ్గర నుంచి లేచిపోయేది. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తుంది? ఎస్టేటు గుమాస్తా అయిన తండ్రి గోపాలసామి, కూతురు డాక్టరు కాబోతోందని కనిపించిన ప్రతివాడికీ చెప్పి ఉన్నాడు.

ఆగస్టులో సింగపూర్ వైద్య కళాశాల నుంచి సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. గోపాలసామి దాన్ని ఆఫీసులో అందరికీ చదివి వినిపించాడు. జయమణి నవ్వుతూ మావకి చెప్పడానికి ఆస్పత్రికి వెళ్లింది. కాంతయ్య ఎవరి కాలి పుండుకో కట్టు విప్పుతున్నాడు.

"ఆ పళ్లెం ఇలాగందుకో" అన్నాడు.

పళ్లెంలో నెత్తురంటిన దూది ఉంది. జయమణి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కాంతయ్య ఒకసారి తలెత్తి చూసి, తనే లేచి పళ్లెం తీసుకున్నాడు.

"సీటొచ్చినాది మావా."

"మంచిది" అన్నాడు, కట్టు మీదనుంచి కళ్లు తిప్పకుండా.

కళాశాలకి పంపాల్సిన కాగితాల్లో ఆరోగ్య పత్రం ఒకటుంది. అది నింపే పని కాంతయ్యది. గోపాలసామి దాన్ని ఆ సాయంత్రమే ఆయన చేతిలో పెట్టి గడువు మూడుసార్లు చెప్పాడు. గడువుకి రెండు రోజుల ముందు వెళ్లి అడిగాడు.

"ఏదీ కాయితం?"

"సొరుగులో ఉన్నాది బావా."

"నింపినావా?"

"తొందరేటి? సూద్దుం లా."

గడువు దాటిపోయింది. గోపాలసామి ఆస్పత్రి వాకిట్లో నిలబడి, జన్మలో ఎన్నడూ వాడని మాటలన్నీ వాడాడు. "నీ కొడుక్కి పేరు లేకపోతే పోయినాది, నా కూతురి బతుకుని కూడా వాయిదా ఏసినావు కదయ్యా" అన్నాడు. కాంతయ్య తల వంచుకుని విన్నాడు. సీటు ఒక ఏడాది ఆపుతామని నెల తర్వాత కళాశాల జవాబు రాసింది. అయినా ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఎస్టేటంతా కాంతయ్యనే తిట్టింది.

అందరితో పాటు జయమణి కూడా తిట్టింది. కానీ లోపల, గుండెల మీద నుంచి ఎవరో రాయి దించినట్టయింది. అంత మంచి సీటు ఆగిపోతే తనకి హాయిగా ఉండటమేమిటని సిగ్గుపడింది. మావ సోమరితనం తనకి కలిసొచ్చిందని ఎవరితో చెప్పుకుంటుంది?

"ఖాళీగా కూకుని ఏటి సేస్తావు? మందు సీసాలకి పేర్లు రాద్దువు రా. ఏడాదిగా రాయలేదు" అని కాంతయ్య కబురు పెట్టాడు. నాన్న సణుగుతున్నా జయమణి వెళ్లి, కట్లు కట్టే గదికి వీపు పెట్టి ఆస్పత్రి వరండాలో కూర్చుని నెల రోజులు పేర్లు రాసింది. తర్వాత ఉతికిన కట్లు చుట్టింది. ఆ తర్వాత సూది మందు పొడిచేటప్పుడు పసిపిల్లల్ని ఒళ్లో పట్టుకుంది. గాయాలతో ఎవరైనా వస్తే, "నానూ రానా మావా?" అని భయం భయంగా అడిగేది.

"వచ్చే వారం సూద్దుం లా."

ఈయన మారడు అనుకునేది. అనుకుని ఊపిరి పీల్చుకునేది.

మరుసటి ఏడు జూన్‌లో, గెలలు కోసే కొడవలి జారి మోచెయ్యి తెగిన కూలీ ఒకతను వచ్చాడు. జయమణి లేచి నిలబడింది.

"నువ్వు వచ్చే వారం..." అని కాంతయ్య మొదలుపెట్టాడు.

"కాదు మావా. ఇప్పుడే సేస్తాను."

చేతులు వణికాయి. మొదటి నిమిషం బాగా వణికాయి. గాయం కడిగేసరికి కాస్త తగ్గింది, కట్టు ముడి వేసేసరికి అవి మళ్లీ తన చేతులే. తలెత్తి చూస్తే మావ పక్కన లేడు. బయట మెట్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చుట్ట వెలిగించడం మాత్రం మర్చిపోయాడు.

ఆగస్టు ముప్పై ఒకటిన ఇంగ్లీషువాళ్లు దిగిపోయి మెర్డెకా వచ్చింది. దేశమంతా జెండాలు ఎగిరాయి. ఆస్పత్రి మీద జెండా కట్టమని కాంతయ్యకి చెప్తే, ఆయన మర్నాడు కట్టాడు. "ఇన్నేళ్లకి వచ్చిన స్వాతంత్య్రం రేపటికి పారిపోద్దా?" అన్నాడు.

నెల తిరక్కుండానే గోపాలసామి కూతుర్ని రైలెక్కించి సింగపూర్ తీసుకెళ్లాడు. కళాశాల ఆఫీసులో ఒక చీనా గుమాస్తా, నడివయసు ఆవిడ, జయమణి ఫైలు విప్పింది. పైనే ఉన్న ఉత్తరం చూపించి, "ఇది మీవాళ్లు రాసిందే కదా?" అని అడిగింది.

మావ చేతిరాత. వంకరటింకర ఇంగ్లీషు. పైనున్న తేదీ చూసి జయమణి రెండోసారి చదువుకుంది. సీటు వచ్చినట్టు తాను చెప్పిన రోజే అది.

"అయ్యా, మా అమ్మాయి సీటు దయచేసి ఒక ఏడాది ఆపండి. మే నెలలో తన అన్న నెత్తురు తన చేతుల మీద పడింది. ఆ రోజు ఆ చేతులు వణకలేదు, ఇప్పుడు వణుకుతున్నాయి. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇది తగ్గే బాధే. తొందరపెడితే తగ్గదు. తన నోటితో ఆగుతానని తను చెప్పలేదు. కనుక ఆలస్యం నా వల్లే జరిగిందని రాసుకోండి, ఇక్కడ అందరూ సులువుగా నమ్ముతారు. ఆరోగ్య పత్రం నింపి నా సొరుగులోనే ఉంచాను. ఈలోగా తనే వస్తానంటే, ఆ రోజే తీసుకొచ్చి దిగబెడతాను."

జయమణి కాగితం తిప్పి చూసింది. దాని కింద అదే చేతిరాతతో ఇంకా ఉత్తరాలున్నాయి.

"వారానికొకటి చొప్పున, మేము జవాబిచ్చేదాకా రాస్తూనే ఉన్నాడు. ఇంత టైముకి పని చేసే మనిషిని నేను చూడలేదు" అంది ఆ గుమాస్తా.

జయమణికి నవ్వొచ్చింది. ఆపుకోలేక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వరండాలోకి వచ్చేసింది. బల్ల మీద కూర్చున్న గోపాలసామి కంగారుగా లేచాడు.

"ఏటయింది? సీటుందా లేదా?"

"ఉన్నాది నాన్నా. మావ గురించి సెప్తన్నారు."

"ఏటని?"

"టైముకి పని సేసే మనిషంట."

గోపాలసామి కూతుర్ని ఒకసారి చూశాడు. తర్వాత కళ్లజోడు సవరించుకుని రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మం మీది బోర్డు పూర్తిగా చదివాడు, తాము సరైన కళాశాలకే వచ్చామో లేదోనని.